నెయ్యిలాంటి మలాము, వెన్నలాంటి క్రీము, పాలలాంటి లోషను

(మహిళా పాల ఉత్పత్తిదారుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. తరగతికి రాలేకపోయిన సంఘ సభ్యుల సౌకర్యార్థం ప్రచురిస్తున్నాము.)



దాణా గురించి, పచ్చిమేత గురించి, ఎద గుర్తించడం గురించి పెద్దలు ఇదివరకే వివరంగా చెప్పారు. నాకిచ్చిన విషయం చేతులకు, పెదవులకు, కాళ్ళకు రాసుకునే మలాములు, క్రీములు, లోషన్లు ఇంట్లోనే చేసుకోవడం. ఇది సింగారానికి సంబంధించిన ముచ్చట కదా, పాల సంఘానికి దీనితో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. పని ఉన్నదని చెప్పడానికే వచ్చాను.

చేతులకూ పాలకూ సంబంధం

పాడి ఉన్న ఇంట్లో ఆడవారి చేతులు రోజూ ఏమేమి పనులు చేస్తాయో ఒకసారి లెక్కవేయండి. తెల్లవారకముందే చన్నీళ్ళతో పొదుగు కడగాలి. పాలు పితకాలి. పేడ ఎత్తాలి. కుడితి కలపాలి. గడ్డి కోయాలి. పాల గిన్నెలు, క్యాన్లు సోడాతో తోమాలి. సాయంత్రం మళ్ళీ ఇదే వరుస. మన చర్మం మీద సహజంగా పలుచని జిడ్డు పొర ఉంటుంది. చర్మంలోని తేమను బయటికి పోనీయకుండా కాపాడేది అదే. సోడా, సబ్బు ఆ జిడ్డును కడిగేస్తాయి. మార్గశిర, పుష్య మాసాల చలిగాలి మిగిలిన తేమను లాగేస్తుంది. చర్మం బిరుసెక్కి, వేళ్ళ కణుపుల దగ్గర పగులుతుంది.

ఆ పగులు నొప్పితో పోయేదైతే ఇంత చెప్పనక్కరలేదు. పొదుగువాపు వ్యాధికి కారణమయ్యే సూక్ష్మజీవుల్లో ముఖ్యమైన ఒక రకం, స్టెఫిలోకాకస్ అనేది, పశువుల చన్నుల పగుళ్ళలోనూ మనుషుల చేతి పగుళ్ళలోనూ కాపురం ఉంటుంది. ఒక గేదె పొదుగు నుంచి ఇంకొక గేదె పొదుగుకు దాన్ని మోసుకుపోయేది పితికే చెయ్యే. పొదుగువాపు ముదిరి ఒక చన్ను ఎండిపోతే ఆ ఈతకు ఆ వైపు పాలు పోయినట్టే. చాలాసార్లు తర్వాతి ఈతలోనూ అది తిరిగి రాదు. కనుక నున్నని చెయ్యి సోకు కాదు. దాన్ని కూడా పాడి పరికరాల్లో ఒకటిగా చూసుకోవాలి. క్యాను శుభ్రంగా ఉంచుకున్నట్టే చెయ్యినీ బాగా ఉంచుకోవాలి.

మూడు రకాలు: మీకు తెలిసిన లెక్కే

బజారులో రకరకాల డబ్బాలు కనిపిస్తాయి. పేర్లు ఎన్ని ఉన్నా లోపల ఉండేవి ముఖ్యంగా మూడు రకాలు. వీటిని పాడి రైతుకు కొత్తగా నేర్పవలసిన పని లేదు.

పాలంటే ఏమిటి? నీళ్ళలో సన్నని వెన్న బిందువులు తేలుతూ ఉండడం. గేదె పాలలో నూటికి 82, 83 పాళ్ళు, ఆవు పాలలో 87 పాళ్ళ వరకు నీరే. వెన్న అంటే దానికి తిరగవేత. జిడ్డులో సన్నని నీటి బిందువులు చిక్కుకుని ఉండడం. బజారులో అమ్మే వెన్నలో నూటికి 16 పాళ్ళ వరకు నీరు ఉండవచ్చు. నెయ్యి అంటే ఆ నీరు కాగిపోయిన తర్వాత మిగిలిన వట్టి జిడ్డు. నూటికి అర పాలు మించి అందులో తేమ ఉండరాదని ప్రమాణం.

ఒంటికి రాసుకునేవీ ఇంతే. లోషను పాలలాంటిది. క్రీము వెన్నలాంటిది. మలాము నెయ్యిలాంటిది. ఎండాకాలంలో పాలు కొన్ని గంటల్లో పులుస్తాయి, వెన్న కొన్ని రోజుల్లో వాసన వేస్తుంది, నెయ్యి నెలల తరబడి నిలుస్తుంది. ఎందుకు? సూక్ష్మజీవులు పెరగడానికి నీరు కావాలి. నీరున్న చోట అవి పెరుగుతాయి. నీరు లేని చోట పెరగలేవు. కంపెనీవారు లోషన్లలో, క్రీముల్లో చెడకుండా ఉండేందుకు మందులు కలుపుతారు. ఆ మందును తూచి కలిపే సాధనం, పరీక్షించే సాధనం మన ఇళ్ళలో లేవు. అందుచేత ఈ ప్రసంగంలో ఒక్క మాట గుర్తుంచుకున్నా చాలు: ఇంట్లో నిలవ ఉంచుకోవలసింది నీరు లేని మలాము మాత్రమే. నీరు కలిసిన క్రీము, లోషను అప్పటికప్పుడు కొద్దిగా చేసుకుని వాడి పారేయాలి. ఎన్నాళ్ళో నిలవ ఉన్న ఇంటి క్రీమును పగిలిన చర్మానికి రాయడమంటే, విరిగిన పాలను మంచి పాల క్యానులో పోసినట్టే.

సరుకులు

మలాముకు కావలసినవి రెండే: తేనెమైనం, మంచి నూనె.

తేనెమైనం అంటే తేనెపట్టు మైనం. కొవ్వొత్తుల మైనం వేరు, అది పెట్రోలియం నుంచి వస్తుంది. రంగు, సువాసన వేసిన కొవ్వొత్తులను కరిగించి పెదవులకు రాయకూడదు. తేనెమైనానికి సన్నగా తేనె వాసన ఉంటుంది, చేతి వేడికి మెత్తబడి పిసికితే సాగుతుంది. తేనె పిండేవారి దగ్గర పట్టు దొరికితే దాన్ని పల్చని గుడ్డలో మూటకట్టి, నీళ్ళున్న గిన్నెలో వేసి సన్నని మంట మీద కాచండి. మైనం కరిగి పైకి తేలుతుంది, చెత్త మూటలోనే ఉండిపోతుంది. చల్లారిన తర్వాత పైన బిళ్ళగా గట్టిపడుతుంది. దాని అడుగున అంటిన మడ్డిని కత్తితో గీకి, బిళ్ళను రెండు రోజులు నీడన ఆరనివ్వండి. తడి మైనం వాడితే మనకు వద్దనుకున్న నీరే మలాములో చేరుతుంది.

నూనెల్లో కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం మూడూ మంచివే. గానుగ నూనె అయితే మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి పైతేట వాడాలి. ఇంట్లో కాచిన నెయ్యి కూడా పనికివస్తుంది. గోకు అడుగున మిగిలేలా పల్చని గుడ్డలో వడగట్టిన తేట నెయ్యి అయి ఉండాలి. గోకులో పాల పదార్థం ఉంటుంది, అది త్వరగా చెడుతుంది.

చేతుల మలాము చేసే పద్ధతి

తేనెమైనం 20 గ్రాములు, కొబ్బరినూనె 60 గ్రాములు, నెయ్యి లేదా నువ్వులనూనె 40 గ్రాములు తీసుకోండి. ఎండాకాలంలో అయితే మైనం 25 గ్రాములు వేయండి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కనుక చలికాలంలో బిగిసిన మలాము వైశాఖంలో నీరుకారుతుంది.

మైనాన్ని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. వేడి ఎక్కువైతే పొగవచ్చి అంటుకుంటుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి కాగబెట్టి, మైనం తరిగి వేసిన చిన్న గిన్నెను ఆ నీళ్ళలో నిలపండి. మరిగే నీటి వేడి 100 డిగ్రీలు దాటదు. మైనం కరగడానికి 65 డిగ్రీల లోపే చాలు. కరిగే మైనంలో నీటి చుక్క పడకుండా చూడండి, చిల్లుతుంది. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. మైనం పూర్తిగా కరిగాక నూనె, నెయ్యి పోసి పొడి గరిటతో కలిపి దించండి.

ఇక పాకం చూసినట్టే చూడాలి. ఒక స్టీలు పళ్ళెం మీద రెండు చుక్కలు వేసి చల్లారనివ్వండి. వేలితో రుద్దితే మెత్తగా పరుచుకుంటే పాకం కుదిరినట్టు. గట్టిగా ఉంటే చెంచాడు నూనె, పల్చగా ఉంటే చిటికెడు మైనం వేసి మళ్ళీ కరిగించండి. ఇందులో చెడిపోయేది ఏమీ లేదు, ఎన్నిసార్లయినా సరిచేసుకోవచ్చు.

పోసే సీసా లేక డబ్బా ముందుగా వేడినీళ్ళలో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. మూత పెట్టేముందు మలాము చల్లారాలి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి చెమ్మగా దిగుతుంది. తడి వేళ్ళు డబ్బాలో పెట్టకుండా, చిన్న చెక్కపుల్లతో తీసుకోవాలి. నెయ్యి వేసినదానికి చీమలు పడతాయి, మూత బిగువుగా ఉండాలి. ఇలా చేసినది రెండు మూడు నెలలు బాగుంటుంది. వాసన మారితే దాచుకోకండి.

వాడే వేళ ముఖ్యం. పితికేముందు రాసుకోకూడదు. పితికి, క్యాన్లు కడిగి, చేతులు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు కూడా పొడిగుడ్డతో అద్దుకున్న తర్వాత, చర్మం మీద కాస్త తేమ ఉండగానే రాయాలి. మలాము చర్మానికి తేమను ఇచ్చేది కాదు, ఉన్న తేమను పోకుండా మూసేది. రాత్రి పడుకునేముందు మరోసారి రాసుకుంటే నాలుగైదు రోజుల్లో తేడా తెలుస్తుంది.

పెదవులకు

పెదవుల చర్మం చాలా పల్చన. దానికి చెమట, జిడ్డు గ్రంథుల ఆసరా ఉండదు. పెదవి ఎండినప్పుడు నాలుకతో తడిపే అలవాటు మానుకోవాలి, ఉమ్మి ఆరేకొద్దీ ఇంకా ఎండుతుంది.

తేనెమైనం 10 గ్రాములు, కొబ్బరినూనె 15, నెయ్యి 15 గ్రాములు పైన చెప్పినట్టే కరిగించి, శుభ్రమైన కుంకుమ భరిణెల వంటి చిన్న డబ్బీల్లో పోసుకోండి. ఒకరి డబ్బీ ఇంకొకరు వాడకూడదు. రంగు కోసం బీట్‌రూట్ రసం వేస్తే ఫలితం ఉండదు. ఆ రంగు నీటిలో కరుగుతుందేగాని జిడ్డులో కరగదు, పైగా రసంతోపాటు నీరు చేరి మలాము చెడుతుంది. కర్పూరం వేయవద్దు, పిల్లలు నాకితే విషమవుతుంది. తేనె కలిపినది ఏడాది నిండని పసిపిల్లల నోటికి తగలనివ్వరాదు.

ఇక్కడ మన సంఘాలకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. పెదవి మధ్య పగలడం వేరు, నోటి మూలలు పగలడం వేరు. పిల్లలకు నోటి మూలలు చీలి, నాలుక ఎర్రబడుతున్నదంటే చాలాసార్లు అది ఆహారలోపానికి గుర్తు. అందులో ఒకటి రైబోఫ్లేవిన్ అనే బి విటమిను లోపం. ఆ విటమినుకు పాలు మంచి ఆధారం. అది నీటిలో కరిగేది కనుక వెన్న తీసిన మజ్జిగలోనూ మిగిలే ఉంటుంది. పాలన్నీ కేంద్రానికి పోసి, ఇంట్లో పిల్లవాడికి గ్లాసెడు మజ్జిగ కూడా మిగల్చకుండా, వాడి మూతికి మలాము రాసి లాభం లేదు. పాల బిల్లు మనకు ముఖ్యమే. పాలు పితికిన తల్లీ, ఆ ఇంటి బిడ్డా తమ వంతు తాగిన తర్వాతనే మిగిలినది కేంద్రానికి రావాలి. అప్పటికీ మూలలు మానకపోతే డాక్టరుకు చూపించండి, రక్తం తక్కువైనా, బూజు పట్టినా ఇలా అవుతుంది.

కాళ్ళ పగుళ్ళకు

తేనెమైనం 20 గ్రాములు, ఆముదం 60, కొబ్బరినూనె 20 గ్రాములు. ఇది చేతుల మలాము కంటె గట్టిగా, జిగటగా ఉంటుంది. రాత్రిపూట పాదాలు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, మెత్తబడిన చర్మాన్ని రాయితో మెల్లగా రుద్ది, తుడిచి, మలాము పట్టించి పాత నూలుగుడ్డ చుట్టుకోండి. బ్లేడుతో కోయవద్దు. పగులు లోతుగా పోయి రక్తం వస్తున్నా, చక్కెర జబ్బు ఉన్నవారైనా సొంత వైద్యం మాని ఆసుపత్రికి వెళ్ళాలి. పేడలో, మూత్రంలో తిరిగే కాళ్ళకు ధనుర్వాతం భయం ఉంటుంది, టీకా సంగతి అడిగి తెలుసుకోండి.

కడిగిన నెయ్యి, చల్లని క్రీము

నెయ్యిని నీళ్ళతో కడిగి లేపనంగా వాడే పద్ధతి మన ఆయుర్వేదంలో ఉన్నది. నూరుసార్లు కడుగుతారు కనుక దానికి శతధౌత ఘృతం అని పేరు. సంప్రదాయంలో రాగి పాత్ర వాడతారు, ఇంట్లో వెడల్పాటి స్టీలు పళ్ళెం చాలు. పేరిన నెయ్యి 50 గ్రాములు పళ్ళెంలో వేసి, కాచి చల్లార్చిన నీళ్ళు కొద్దిగా పోసి అరచేత్తో రుద్దాలి. ఆ నీళ్ళు వంపి మళ్ళీ కొత్త నీళ్ళు పోయాలి. కడిగేకొద్దీ పసుపు రంగు పోయి తెల్లబడుతుంది, పలుకు పోతుంది, నెయ్యి వాసన తగ్గుతుంది. చివరకు చేతికి తగిలితే చల్లగా వెన్నపూసలా ఉంటుంది. ఆ చల్లదనం ఎక్కడిది? జిడ్డులో చిక్కుకున్న నీరు ఒంటి మీద ఆవిరవుతుంటే కలిగేది. నీరు చేరింది గనుక ఇది ఇక నెయ్యి కాదు, వెన్నలాంటిదే. ఫ్రిజ్ ఉంటే వారం, లేకపోతే రెండు మూడు రోజులు మించి ఉంచవద్దు.

ఒక హెచ్చరిక. ఒళ్ళు కాలినప్పుడు వెంటనే నెయ్యి గాని, వెన్న గాని, మలాము గాని పూయకూడదు. అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లని నీళ్ళు ధారగా పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

క్రీము కూడా కొత్తది కాదు. సుమారు 1,800 ఏళ్ళ క్రితం రోమ్ నగరంలో ఉన్న గాలెన్ అనే గ్రీకు వైద్యుని పేరుతో ప్రసిద్ధమైన చల్లని క్రీము తేనెమైనం, ఆలివ్ నూనె, పన్నీరు కలిపి చిలికినదే. మన ఇంట్లో అయితే తేనెమైనం 10 గ్రాములు, నువ్వులనూనె 40 గ్రాములు కరిగించి దించండి. కాచిన నీళ్ళు రెండు పెద్ద చెంచాలు అదే వేడిలో ఉండగా, ఒక్కొక్క చుక్క వేస్తూ చిన్న కవ్వంతో ఆపకుండా చిలకండి. నీళ్ళు చల్లగా ఉంటే మైనం ఉండకడుతుంది. ఒక్కసారిగా పోస్తే కలవదు. చల్లారేదాకా చిలికితే తెల్లని క్రీము వస్తుంది. మర్నాటికి కొంత నీరు ఊరితే వంపేయండి. నీటిని విడవకుండా పట్టి ఉంచేందుకు వెలిగారం కలిపే పద్ధతి పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. పగిలిన చర్మానికి, పెదవులకు, పిల్లలకు వెలిగారం తగదు కనుక మనం దాన్ని వదిలిపెడదాము. ఈ క్రీము కూడా నాలుగైదు రోజులకు సరిపడేంతే చేసుకోవాలి.

లోషను

సులభమైనది గ్లిజరిన్ లోషను. గ్లిజరిన్ ఒక వంతు, కాచి చల్లార్చిన నీరు లేదా పన్నీరు రెండు వంతులు. వట్టి గ్లిజరిన్ రాస్తే, పొడిగాలిలో అది చర్మంలోని నీటినే లాగి ఇంకా ఎండబెడుతుంది, అందుకే నీరు కలపాలి. రాసిన తర్వాత పైన కొంచెం మలాము పూస్తే తేమ నిలుస్తుంది. నాలుగు రోజులు మించి దాచవద్దు.

గ్లిజరిన్ ఎప్పుడూ మందుల దుకాణంలో ఐ.పి. అని ముద్రించిన, మూత సీలు ఉన్న సీసాలోదే కొనండి. విడిగా కొలిచి పోసేది వద్దు. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో కల్తీ గ్లిజరిన్ మందుగా ఇచ్చినందువల్ల 14 మంది రోగులు చనిపోయారు. చూపుకు, రుచికి తేడా తెలియదు.

మీగడ, కలబంద వంటివి కూడా ఈ జాతివే. మీగడతో పెసరపిండి కలిపి నలుగు పెట్టుకోవడం మంచి అలవాటు, అప్పటికప్పుడు కలిపి, పెట్టుకుని, కడిగేయాలి. కలబంద మట్ట కోసినప్పుడు కారే పసుపు జిగురు దురద పుట్టిస్తుంది. దాన్ని కారిపోనిచ్చి, కడిగి, లోపలి తెల్లని గుజ్జు మాత్రం వాడాలి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోతే మచ్చలు పడతాయి, బొబ్బలు కూడా రావచ్చు.

ఏది చేసినా ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. దురద, దద్దు రాకపోతేనే మిగతా ఒంటికి వాడండి.

పొదుగు విషయం

ఇదే మలాము గేదె చన్నులకు రాయవచ్చునా అని చాలామంది అడుగుతారు. చన్ను మీది చర్మంలో జిడ్డు గ్రంథులు ఉండవు. తడి చన్ను చలిగాలికి త్వరగా పగులుతుంది. కనుక మొదటి మందు తుడవడమే. కడిగిన ప్రతిసారీ పొడి శుభ్రమైన గుడ్డతో తుడవాలి. బొటనవేలు మడిచి కణుపుతో లాగి పితకడం, నురగతో, నూనెతో చెయ్యి తడుపుకుని పితకడం మానాలి. పిడికిలి నిండా పట్టి పితకాలి.

పితికిన తర్వాత చన్ను రంధ్రం అరగంట నుంచి గంట వరకు తెరిచే ఉంటుంది. అప్పుడు పశువైద్యులు చెప్పిన క్రిమిసంహారక ద్రావణంలో చన్నులు ముంచి, ముందు మేత వేసి, పశువు పడుకోకుండా చూడాలి. ఆ ద్రావణానికి మన మలాము బదులు కాదు. చన్ను పక్కల పొడి పగుళ్ళు ఉంటే మాత్రం, ద్రావణం ఆరిన తర్వాత, రంధ్రానికి తగలకుండా పల్చగా రాయవచ్చు. మర్నాడు పితికేముందు గోరువెచ్చని నీటితో పూర్తిగా కడిగి తుడవాలి. పశువులకు డబ్బా వేరుగా ఉండాలి. వేపనూనె, కర్పూరం వంటి ఘాటైన వాసనలు పొదుగు దగ్గర వద్దు. పాలు వాసనను ఇట్టే పట్టేస్తాయి.

చన్నుల మీద నీటిబొబ్బలు, చెక్కులు కనిపించి, అలాంటివే పితికేవారి వేళ్ళ మీద లేస్తే అది గేదెలకు వచ్చే మశూచి జాతి వ్యాధి కావచ్చు. అది మనుషులకు అంటుతుంది. పొదుగు వేడెక్కినా, పాలలో తరకలు, రక్తం కనిపించినా సరే. ఈ రెండు చోట్లా మలాముతో రోజులు గడపకుండా పశువైద్యుని పిలవాలి. ఆ పాలు కేంద్రానికి పోయరాదు.

కొనే క్రీముల గురించి

ఇంట్లో చేసేది ఏదీ చర్మాన్ని తెల్లబరచదు. తెల్లబరచవలసిన అవసరమూ లేదు. వారం రోజుల్లో రంగు మారుస్తామని సంతలో, బస్టాండులో పేరు, చిరునామా లేకుండా అమ్మే క్రీముల్లో పాదరసం, స్టెరాయిడ్ మందులు ఉండవచ్చు. పాదరసం మూత్రపిండాలను పాడుచేస్తుంది. క్రీముల్లో పాదరసాన్ని తొలగించాలన్న మినమాటా అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశం 2018లో ఆమోదించింది. అదే సంవత్సరం పలు స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదనే అమ్మాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. స్టెరాయిడ్ రాసిన మొదట్లో ముఖం బాగున్నట్టే ఉంటుంది, తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, వెంట్రుకలు మొలుస్తాయి. పాల బిల్లులో మిగిల్చిన డబ్బు పెట్టి అలాంటివి కొనకండి.

తోటివారి కోసం

చివరగా, ఈ మలాములు చేసి అమ్ముకోవచ్చునా అని మహిళా సంఘాలు అడుగుతున్నాయి. ఇంట్లో వాడుకోవడానికి, ఇరుగుపొరుగుకు ఇవ్వడానికి అడ్డులేదు. అమ్మకానికి తయారు చేయాలంటే మాత్రం ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు ఉండాలి. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి నియమాలు దానికి వర్తిస్తాయి. సరుకు పరీక్ష, శుభ్రమైన గది, డబ్బా మీద తయారీ తేదీ, పదార్థాల వివరం అన్నీ కావాలి. పాలకు పరీక్ష ఉన్నందుకే కదా మన పాలను పట్నంవారు నమ్ముతున్నారు. ఒంటికి పూసే వస్తువుకు కూడా అదే న్యాయం.

అమ్మకం మాట తర్వాత చూసుకోవచ్చు. ముందు ప్రతి సంఘంలో నలుగురు కలిసి కూర్చుని ఒక పావుకిలో మలాము చేయండి. 40 గ్రాముల మైనం, 200 గ్రాముల నూనె, ఒక పూట పని. కార్తీకం వెళ్ళేలోపు చేసి పెట్టుకుంటే చలికాలమంతా పది ఇళ్ళ చేతులకు వస్తుంది. చేసిన తేదీ కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి. కార్యదర్శిగారు కేంద్రం దగ్గర సబ్బు, నీళ్ళు, పొడి తువ్వాలు ఎలాగూ ఉంచుతారు, వాటి పక్కన ఈ డబ్బా ఒకటి, తీసుకోవడానికి చెక్కపుల్లలు నాలుగు ఉంచవలసిందని కోరుతున్నాను. పాలు పోసి, గిన్నె కడుక్కుని వెళ్ళేవారు అక్కడే చేతులు తుడుచుకుని రాసుకుని వెళ్తారు.